భోకర్ కటింగులో ఎబెనెజరు

రిటైరైన రైల్వే ఇంజనీరు కనబడితే కుర్రాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. "సార్, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద పని ఏమిటి?" నేను వంతెనలు కట్టలేదు, సొరంగాలు తవ్వలేదు. ఉన్న పట్టాలు ఉన్నచోటనే ఉండేట్టు చూడటం నా ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళకు పైగా అవి అక్కడే ఉన్నాయి. దీన్ని ఎవరూ ఘనకార్యం అనుకోరు. పట్టాలు కదిలిన రోజునే పేపరువాళ్ళు వస్తారు.

అందుకని నేను చేసిన పని జోలికి పోను. నాందేడ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నా కళ్ళెదుట జరిగిన ఒక పని గురించి చెబుతాను. కొత్తగా సర్వీసులో చేరిన పిల్లలు చదువుతారని ఆశ. ఎవరి పేర్లూ రాయను. మా పై అధికారులు క్షేమంగా ఉన్నారు, చదివే అలవాటు కూడా ఉంది. ఒక్క పేరు మాత్రం దాచడం కుదరదు. అసలు విషయం ఆ పేరే.

నా సెక్షన్ భోకర్ వైపు, తెలంగాణకు పోయే లైను. పట్టాలు చూసుకునే గ్యాంగులో సగం మంది మరాఠీవాళ్ళు, సగం మంది తెలుగువాళ్ళు. తిట్టుకునేది మాత్రం దక్కనీ హిందీలో, ఎవరికీ అన్యాయం జరగకుండా. గ్యాంగు పెద్దను మేట్ అంటారు. నేను చార్జి తీసుకున్న రోజు మేట్ వచ్చి నమస్తే పెట్టాడు. పొట్టి మనిషి, మెడ లేదు, తల నేరుగా భుజాల మీదే పెట్టినట్టుంటుంది.

"పేరేంది?" అన్నాను.

"ఎబెనెజరు సార్."

"అంటే ఏంది?"

"సాయం రాయి సార్."

"రాయి సాయం చేసుడేంది?"

"కథ ఉన్నది సార్. టైముంటె చెప్త. లేకుంటె కంకర సంగతి మాట్లాడుదాం, అది గూడ రాళ్ళ ముచ్చటనే."

నేను కాలేజీలో చరిత్ర చదవాలనుకుని మా నాన్న పట్టుదల వల్ల ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. కథ అంటే కంకర ఆగుతుంది. టీ తెప్పించాను.

అతని తండ్రి నిజామాబాద్ దిక్కు నుంచి వచ్చి ఇక్కడే గ్యాంగులో చేరాడు. తల్లికి ఇతనికి ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. మన ఊళ్ళలో ఇలాంటప్పుడు పుట్టినవాణ్ణి పెంట మీద దొర్లించి పెంటయ్య అని పేరు పెడతారు, పనికిరానిదని చావు వదిలేసి పోతుందని. మరాఠ్వాడాలో అదే పనికి దగడు అంటారు. దగడు అంటే రాయి.

"పక్క క్వార్టర్ల మరాఠీ ఆమె మా అమ్మకు చెప్పింది సార్, ఈసారి దగడు అని పెట్టు, పోరడు గట్టిగుంటడని. మా నాయనకు నచ్చింది. గని చర్చిల పోయి దగడు అంటె పాస్టరు గారు ఊకుంటడా? ఆయన జరసేపు ఆలోచన చేసి, రాయే గావాలంటె మా తాన గూడ ఒకటి ఉన్నది అన్నడట. గట్ల పెట్టిండ్రు. మా అమ్మ దగడు అని పిలిచేది, పాస్టరు ఎబెనెజరు అనేది. రెండిటికి నేనే పలికేది."

తర్వాత నేను భోకర్‌లో వాళ్ళ పాస్టరు గారిని కలిసి ఆరా తీశాను. ఆ పేరు హీబ్రూ. ఎబెన్ అంటే రాయి, ఏజెర్ అంటే సహాయం. ఇశ్రాయేలీయుల పాత కథలో, శత్రువులు మీద పడినప్పుడు ఆకాశం ఉరిమి, ఆ ఉరుముకు శత్రుసైన్యం చెదిరి, వీళ్ళు గెలుస్తారు. వాళ్ళ ప్రవక్త రెండు ఊళ్ళ నడుమ ఒక రాయి నిలబెట్టి, ఇక్కడిదాకా దేవుడు మనకు తోడున్నాడని చెప్పి దానికి ఆ పేరు పెడతాడు. ఇక్కడిదాకా అనే మాట నాకు నచ్చింది. ఇంజనీరు సంతకం పెట్టగలిగినంత జాగ్రత్తగా ఉంది. ముందు సంగతి హామీ ఇవ్వదు.

కథలో ఇంకో మెలిక ఉంది. ఆ పేరు అంతకుముందే ఒకసారి వస్తుంది. అప్పుడు వాళ్ళు ఎబెనెజరు దగ్గర దిగి, యుద్ధంలో చిత్తుగా ఓడిపోయి, దేవుని ఆజ్ఞలుండే తమ పవిత్రమైన పెట్టెను, మందసాన్ని కూడా పోగొట్టుకుంటారు. రెండూ ఒకే చోటా, వేర్వేరు చోట్లా అని పండితులు వాదించుకుంటారట. ఈ సంగతి మేట్‌తో అంటే అతనికి వాదన ఏమీ కనబడలేదు.

"ఒకటే జాగ సార్. ఓడినకాడ సాయం అందితెనే కదా యాదికుండేది."

అతను ఊరికే అనలేదని తర్వాత తెలిసింది. భోకర్ దాటాక ఒక గుట్టను కోసి మధ్యలోంచి పట్టాలు వేశారు. అలాంటి చోటును మేం కటింగ్ అంటాం. ఆ కటింగులోనే లైను వంపు తిరుగుతుంది. వంపులో పని చేసేవాడికి బండి కనబడదు. గుట్ట అడ్డం ఉండి చప్పుడూ సరిగ్గా రాదు. నేను రాకముందు అక్కడే ఒక గ్యాంగ్‌మన్ బండి కింద పోయాడు. మేట్‌కు పనిలో జతగాడు. అప్పటినుంచి మేట్ అడుగుతున్నది ఒకటే. డ్రైవర్లు అక్కడ హారన్ కొట్టేలా ఒక పసుప్పచ్చ బోర్డు పెట్టించమని.

నేనూ రాశాను. పై ఆఫీసు నుంచి పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. మళ్ళీ రాశాను. ఈసారి పరిశీలనలోనే ఉందని వచ్చింది. రెండో జవాబులో ఆ 'నే' చేరడం పురోగతే అని మేట్‌కు చెప్పాను. అతను నవ్వలేదు.

ఒక మధ్యాహ్నం గ్యాంగు ఆ వంపులో పట్టాల కింద కంకర దట్టిస్తోంది. ఆ పనికి జనరేటర్‌తో నడిచే మెషీన్ ఉంటుంది, దాని రొదలో పక్కవాడి మాట కూడా వినబడదు. బండి వస్తే ఈల వెయ్యడానికి ఒక మనిషిని వంపు అవతల నిలబెట్టారు. ఆయన వేశాడు. ఎవరికీ వినబడలేదు. సరిగ్గా అప్పుడు మా మెషీన్ ఆగిపోయింది. చెడిపోవడంలో మా మెషీన్ చాలా నమ్మకమైనది, సర్వీసులో ఒక్కసారీ మమ్మల్ని నిరాశపరచలేదు. అది ఆగిన నిశ్శబ్దంలో బండి చప్పుడు వినబడింది. అందరూ పక్కకు దూకారు. మెషీన్‌ను కూడా లాగేశారు. బండి పోయింది.

నేను వెళ్ళేసరికి గ్యాంగు చెట్టు నీడన కూర్చుని ఉంది. మేట్ ఒక్కడే ఒక నిలువు రాయిని, మోకాలెత్తు ఉంటుంది, పట్టాలకు బాగా ఎడంగా పాతుతున్నాడు.

"ఏం చేస్తున్నవ్?"

"మెషీన్ ఆగిన జాగ సార్. యాదికి."

కీమన్ అని ఇంకో ఉద్యోగి ఉంటాడు, రోజూ పట్టాల వెంట నడిచి బిగింపులు చూసేవాడు. మా కీమన్ మరాఠీవాడు, తెలుగు మనకంటే వేగంగా మాట్లాడతాడు. "మేట్ మామా, సాయం చేసింది చెడిపోయిన మెషీన్. దానికి పెట్టు దండం, రాయికెందుకు?" అన్నాడు.

"ఉరుమన్నా చెడిన మెషీన్ అన్నా ఒకటే రా. నువ్వు కూసున్నవా లేదా ఈడ, బీడీ తాగుకుంట?"

కీమన్ బీడీ వంక చూసుకుని ఊరుకున్నాడు. అతను ఊరుకోవడం నేను చూసింది అదొక్కసారే.

రాయి సంగతి అంతటితో అయిపోవలసింది. కానీ ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ఇన్‌స్పెక్షన్ అంటే సున్నం. స్టేషన్ చెట్లకు, కంకర అంచుకు, కిలోమీటరు రాళ్ళకు, చివరికి నీళ్ళ డ్రమ్ముకు కూడా సున్నం కొడతారు. సున్నం తగలనిది ఇంజనీర్ల మొహాలకే, అవి అప్పటికే తెల్లబడి ఉంటాయి గనక. గ్యాంగు ఉత్సాహంలో మేట్ రాయికి కూడా సున్నం కొట్టింది. ఆ చీకటి కటింగులో అది పాలపొంగులా మెరిసింది.

కటింగ్ పైన ఒక అవ్వ చెలక, అంటే మెట్ట చేను, ఉంది. సరిహద్దు ఊళ్ళ తెలుగు రైతు కుటుంబం. అవ్వ మేకలు కాస్తుంది. ఆమె మేకలకు కటింగులో గడ్డంటే ప్రాణం. ఆ గడ్డి కోసం రెండు మూడు ప్రాణాలు పోగొట్టుకున్నాయి కూడా. తెల్లగా నిలబడ్డ రాయిని చూసి అవ్వ దిగి వచ్చింది. మా వైపు నిలువు రాయి కనబడితే ఎవరూ ఎక్కువ ప్రశ్నలు వెయ్యరు. సిందూరం పూసి, పసుపు చల్లి, కొబ్బరికాయ కొట్టి వెళ్ళింది.

ఆ తర్వాత జరిగింది ఏ ఇంజనీరింగ్ పుస్తకంలోనూ ఉండదు. సిందూరం రాయి కనబడగానే ఒక డ్రైవర్ భక్తిగా హారన్ కొట్టాడు. అతన్ని చూసి ఇంకొకడు. దేవుణ్ణి పట్టించుకోకుండా పోతున్నాడన్న పేరు ఎవరికి కావాలి? కొన్ని వారాల్లో ఆ వంపులోకి వచ్చే ప్రతి బండీ ముందే అరవడం మొదలుపెట్టింది. రాయి ఎక్కడుందో తెలిసినవాళ్ళు అది కనబడకముందే, వంపు మొదట్లోనే కొట్టేవారు కాబట్టి, హారన్ సరిగ్గా గ్యాంగుకు కావలసిన చోటనే మోగేది. మేకలు చెదిరి పైకి పరుగెత్తేవి. అవ్వ నమ్మకం పెరిగింది. సిందూరం మందం పెరిగింది.

గ్యాంగు సంతోషించింది, మేట్ తప్ప. అతను రాయి వైపు చూడకుండా నడిచేవాడు.

"ఏంది మేట్, నీ రాయి మంచిగ పని చేస్తున్నది కదా," అన్నాను.

"నేను యాదికి పెట్టిన సార్. మొక్కనీకి గాదు. ఆదివారం చర్చిల కూసుంటె అందరు నన్నే చూస్తుండ్రు. దేవుని తయారు చేసినోడు అని."

"అయితే తీసేస్తవా?"

"తీస్తె బండ్లు అరవవు. అరవకుంటె ఈ కీమన్ గాడు బతకడు. ఆడు బతికితె ఎవలకు లాభమో తెల్వదు గని, ఆని పెండ్లాం పిల్లలున్నరు. ఉండనీ సార్."

తన నమ్మకానికి పొసగని పనిని, పక్కవాడి ప్రాణం కోసం రోజూ మొహం తిప్పుకుని భరించడం ఎంత కష్టమో నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. నేను నవ్వుకుంటూ ట్రాలీ ఎక్కాను.

ఎవరో ఫోన్లో ఫొటో తీసి పై ఆఫీసుకు పంపారు. సిందూరం, బంతిపూల దండ, కొబ్బరి చిప్పలు, వెనక మా పట్టాలు. మా పై అధికారి గుంటూరు జిల్లా మనిషి. ఫోన్ చేశారు.

"ఏమయ్యా, నీ సెక్షన్లో గుడి కడుతున్నారట."

"గుడి కాదండి. రాయి."

"గుడి అలాగే మొదలవుతుందయ్యా. తర్వాత రేకులు, తర్వాత మైకు. ఎవడు పెట్టాడు?"

"మా మేట్ అండి."

"పేరు?"

"ఎబెనెజరండి."

"క్రైస్తవుడా? సిందూరం పూసి?"

"ఆయన రాయి వరకేనండి. సిందూరం వేరే శాఖ."

"నీ జోకులు చార్జిషీట్లో రాస్తే ఎలా ఉంటాయో చూస్తావా? డివిజన్ పెద్ద సారు ఇన్‌స్పెక్షన్ స్పెషల్ బండి వస్తోంది. ఆ లోపల రాయి లేవాలి. లేకపోతే రైల్వే భూమిలో మత కట్టడం పెట్టినందుకు మేట్ మీద చార్జిషీటు నేను పంపుతా. ఆ మేట్‌గిరీ తీసి వేరే సెక్షన్‌కు పంపించేస్తాం."

కాబట్టి లెక్క తేలికగానే ఉంది. రాయి ఉంటే మేట్ పోతాడు. రాయి పోతే హారన్ పోతుంది, ఆ వంపులో గ్యాంగు మళ్ళీ చెవిటిదవుతుంది. బోర్డు సంగతి మళ్ళీ గుర్తుచేశాను. పరిశీలనలో ఉందన్నారు.

మేట్‌కు చెప్పాను. అతను తల ఊపాడు. "నేనే పెట్టిన, నేనే తీస్త. ఇంకొకని చెయ్యి పడొద్దు సార్. అవ్వకు నేనే చెప్పాలె."

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్నే కటింగుకు వెళ్ళాను. మేట్ గడ్డపారతో రాయి చుట్టూ మట్టి వదులు చేస్తున్నాడు. గ్యాంగు దూరంగా నిలబడి ఉంది. అవ్వ మేకలతో దిగి వచ్చి, కొంగు నడుముకు చుట్టి నిలబడింది.

"ఏం జేస్తున్నవ్ కొడకా?"

"తీస్తున్ననవ్వా. రైల్వే జాగల ఉండొద్దంటున్నరు."

"దేవుణ్ణి తీస్తరా?"

"దేవుడు గాదవ్వా." మేట్ గడ్డపార కింద పెట్టాడు. "ఇది నేను పెట్టిన రాయి. మా పనోళ్ళం ఓ దినం ఈడ బతికి బయటపడ్డం, అది యాదికుండాలని పెట్టిన. నీ అసొంటి పెద్దమనిషితోని అబద్ధం చెప్పొద్దు."

అవ్వ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఎవలో ఒకలు పెట్టకుంటె ఏ రాయి నిలవడ్తది రా? నువ్వు బతికినందుకు పెట్టినవ్. నా మేకలు బతికినందుకు నేను పూసిన. నాకియ్యి. నా చెలకల పెట్టుకుంట."

నేను మేట్ మొహం చూశాను. చర్చిలో అప్పటికే పడ్డ మాటలు చాలు. ఇప్పుడు ఆ రాయిని పూజ కోసం ఇచ్చాడన్న మాట కూడా తోడవుతుంది. కాదంటే ఎవరూ తప్పుబట్టరు. నదిలో పడేసి రావచ్చు, ఆర్డరు కూడా రాయి లేవాలనే గానీ ఎక్కడికి పోవాలో చెప్పలేదు.

అతను వంగి, ఒళ్ళంతా సిందూరంతో ఉన్న ఆ రాయిని కావలించుకుని పైకెత్తాడు. భుజం మీద పెట్టుకున్నాడు. చొక్కా అంతా ఎర్రబడింది. గ్యాంగువాళ్ళు పట్టబోతే వద్దన్నాడు. గుట్ట పక్క కాలిబాటన మెల్లగా ఎక్కి, రైల్వే హద్దుకు గుర్తుగా పాతిన కమ్మీ దాటి, అవ్వ చూపిన గట్టు మీద నిలబెట్టి, కాలితో మట్టి తొక్కి గట్టి చేశాడు. కిలోమీటరు రాయి పాతినంత శ్రద్ధగా పాతాడు. అవ్వ మొక్కుతుంటే టోపీ తీసి పక్కకు నిలబడ్డాడు. అతను మొక్కలేదు, ఆమెకు అడ్డం రాలేదు.

నేను పుట్టినప్పటినుంచి శంకుస్థాపనలు చూస్తున్నాను. రాయి మీద పేరు చెక్కించుకున్నవాళ్ళకు మన దేశంలో కొదవ లేదు. పేరే రాయి అయిన మనిషి, తన రాయిని తనే పీకి ఇంకొకరి గట్టు మీద పెట్టి దిగి రావడం మాత్రం ఆ రోజే చూశాను.

ఇన్‌స్పెక్షన్ స్పెషల్లో చివర అద్దాల పెట్టె ఉంటుంది. పెద్ద సారు అందులో కూర్చుని వెనక్కి పోతున్న పట్టాలు చూస్తారు. మా పై అధికారి, నేను వెనక నిలబడ్డాం. మా ఇద్దరికీ కుర్చీలు ఉన్నాయి గానీ కూర్చునే ధైర్యం లేదు. భోకర్ దాటింది. కటింగ్ దగ్గరపడింది.

బండి పొడుగ్గా హారన్ కొట్టింది. ఇంకోసారి కొట్టింది.

పెద్ద సారు టీ కప్పు దించారు. రాయి ఉన్న చోటు మా ముందునుంచి వెనక్కి జరిగింది. తవ్విన మట్టి తప్ప ఏమీ లేదు.

"ఇక్కడ ఎందుకు కొట్టాడు?" అన్నారు హిందీలో.

మా పై అధికారి నా వైపు చూశారు. నేను మట్టి వైపు చూశాను. పెద్ద సారు వాకీటాకీలో డ్రైవర్‌ను అడిగారు. జవాబు అందరికీ వినబడింది. "యహా సబ్ బజాతే హై, సాబ్." ఇక్కడ అందరూ కొడతారు అన్నాడు, అంతే. రాయి లేదన్న సంగతి కూడా గమనించినట్టు లేడు. చెయ్యి అలవాటు పడిపోయింది.

"అందరూ కొడితే బోర్డు ఎందుకు లేదు?"

"పరిశీలనలో ఉంది సార్," అన్నారు మా పై అధికారి.

"అలవాటు లేని కొత్త డ్రైవర్ వస్తే?"

ఆ ప్రశ్న నన్ను అడగలేదు. నేనే చెప్పాను. "కొట్టడు సార్. వంపులో గ్యాంగుకు బండి వినబడదు. ఇంతకుముందు ఒక మనిషి పోయాడు."

"లేని బోర్డుకు డ్రైవర్లు హారన్ కొట్టడం నియమాలకు విరుద్ధం," అన్నారు పెద్ద సారు. "దీన్ని సరిచెయ్యండి. వెంటనే బోర్డు పెట్టండి."

నేను ఎన్ని కాగితాలు రాసినా కదలని పని, నియమాల ఉల్లంఘన అని తేలగానే కదిలింది. నా సర్వీసంతటిలో ప్రభుత్వం మీద నాకు గౌరవం కలిగిన కొద్ది సందర్భాల్లో అదొకటి. చార్జిషీటు సంగతి మా పై అధికారి మళ్ళీ ఎత్తలేదు. నేను అడిగితే, "రాయి ఎక్కడుందయ్యా, చార్జిషీటు వెయ్యడానికి?" అన్నారు. అది ఎక్కడుందో నాకు తెలుసు. ఆయన కూడా గట్టిగా అడగలేదు.

బోర్డు వచ్చింది. గుంత మేట్ తవ్వాడు, స్తంభం గ్యాంగు నిలబెట్టింది. ఆ రోజు మధ్యాహ్నమే ఎక్స్‌ప్రెస్ ఒకటి వచ్చింది. గుట్ట అవతలనుంచే పొడుగ్గా అరిచింది. గ్యాంగు మెషీన్ ఆపి, పనిముట్లు తీసుకుని, తొందర లేకుండా పక్కకు జరిగింది. కీమన్ బీడీ ఆర్పను కూడా లేదు. బండి గాలి మా మొహాలకు కొట్టి పోయింది.

పైనుంచి అవ్వ గొంతు వచ్చింది. గట్టు మీద నిలబడి, మేకలను అదిలిస్తూ చెబుతోంది.

"చూసినవా కొడకా, బండి నా దేవునికే అరుస్తున్నది."

మేట్ పసుప్పచ్చ బోర్డు వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"అరవనియ్యవ్వా," అన్నాడు. "రోజూ అరవాలె."